స్విచ్ లాంటి హైబ్రిడ్ కన్సోల్ పీఎస్5 ముందు నిలబడుతుందా? ఒక గేమ్ షాపువాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు, హాల్లో ఒకటే టీవీ, రాత్రి తొమ్మిది నుంచి నాన్నగారి న్యూస్. పాత పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4) ఒకటి ఉంది. 55 వేల దాకా పెట్టగలరు. ఒక ఫ్రెండు నింటెండో స్విచ్ 2 తీసుకోమంటున్నాడు, ఇంకో ఫ్రెండు "అది పిల్లల బొమ్మరా" అంటున్నాడు. చేతిలోనూ టీవీలోనూ ఆడే ఈ హైబ్రిడ్ కన్సోల్ అసలు టీవీ కన్సోల్‌కి పోటీ ఇవ్వగలదా, లేకపోతే రెంటికీ చెడ్డ రేవడా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేసి తర్వాత కారణాలకి వస్తాను. అమ్మకాల్లో ఎప్పుడో పోటీ ఇచ్చి దాటేసింది కూడా. తెర మీద బొమ్మ (గ్రాఫిక్స్) విషయంలో మాత్రం ఇంతవరకు అందుకోలేదు, ఇకముందు అందుకోవడం కుదరదు కూడా. మీ ఫ్రెండు అన్న బొమ్మ వేరు, నేనంటున్న బొమ్మ వేరు లెండి. పీఎస్5 మీ టీవీ కోసం పోట్లాడుతుంది. స్విచ్ మీకు టీవీ దొరకని గంటల కోసం పోట్లాడుతుంది. మీ ఇంట్లో ఈ రెండు రకాల గంటల్లో ఏవి ఎక్కువో లెక్కేసుకుంటే సగం జవాబు మీకే వచ్చేస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో: సికింద్రాబాద్‌లో ముందు గేమ్ పార్లర్ నడిపాను, గంటకి ఇరవై రూపాయల కాలంలో. తర్వాత అమ్మకాలు, పాత కన్సోళ్ల ఎక్స్చేంజి, సర్వీసు. కన్సోల్ అమ్మేటప్పుడు కస్టమర్ ఏం చెప్తాడో, రెండేళ్లకి సర్వీసుకి తెచ్చినప్పుడు ఆ మెషిన్ ఏం చెప్తుందో రెండూ చూసినవాణ్ణి. రెండోదే నిజం.

లెక్కల నుంచి మొదలెడదాం. నింటెండో స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. ఇప్పటికి 15 కోట్లు దాటి అమ్ముడైంది. దానికి సమకాలికమైన పీఎస్4 దాదాపు 11.7 కోట్లు. టీవీ కన్సోళ్లలో స్విచ్ కంటే పైన ఉన్నది పీఎస్2 ఒక్కటే, సోనీ చెప్పిన లెక్క 16 కోట్లు. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది, మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు పోయాయి, సెప్టెంబరు ఆఖరుకి కోటి దాటింది. పిల్లల బొమ్మకి ఇంత బేరం ఉండదు.

అయితే ఈ లెక్కని కొంచెం విడగొట్టి చూడాలి, స్విచ్ అభిమానులు ఈ పని చేయరు. అంతకుముందు నింటెండోకి రెండు దుకాణాలు ఉండేవి. టీవీకి ఒక మెషిన్, చేతికి ఒక మెషిన్. టీవీ మెషిన్ ‘వీ’ (Wii) 10 కోట్లు, చేతి మెషిన్ డీఎస్ 15.4 కోట్లు, రెండూ కలిపితే 25 కోట్ల పైనే. ఆ రెండింటి స్థానంలో ఇప్పుడు ఉన్నది స్విచ్ ఒక్కటే. అంటే ఇద్దరి డ్యూటీ ఒక్కడే చేసి ఒకటిన్నర జీతం తెచ్చుకుంటున్నాడన్న మాట. మరోవైపు స్విచ్‌కి సరిగ్గా ముందున్న జంట చూడండి: టీవీకి ‘వీ యూ’ (Wii U) 1.36 కోట్లు, చేతికి 3డీఎస్ 7.6 కోట్లు. కలిపితే 9 కోట్లు కూడా లేవు. దాంతో పోలిస్తే 15 కోట్లు ఎక్కడ!

డబ్బు లెక్క ఇంకో కథ. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో సోనీ గేమ్ విభాగం ఆదాయం 4.67 లక్షల కోట్ల యెన్లు, నింటెండో మొత్తం ఆదాయం 1.16 లక్షల కోట్లు. నాలుగో వంతు. పాత స్విచ్ చివరి ఏడాది, కొత్తది ఇంకా రాలేదు కాబట్టి నింటెండోకి అది మందకొడి కాలమే. అయినా నిర్వహణ లాభం చూస్తే సోనీ గేమ్ విభాగానిది సుమారు 41 వేల కోట్ల యెన్లు, నింటెండోది 28 వేల కోట్ల పైన. నాలుగో వంతు ఆదాయంతో మూడింట రెండు వంతుల లాభం. చవక చిప్పు పెట్టి, గేములు సొంతంగా చేసుకుని, రేటు తగ్గించకుండా అమ్మితే ఇలా ఉంటుంది. కాబట్టి "పోటీ" అన్న మాట ఎవరు వాడుతున్నారో బట్టి అర్థం మారుతుంది. కంపెనీలకి ఒక అర్థం, మీకు ఒక అర్థం.

హైబ్రిడ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని బలం ఎక్కడుందో తెలుస్తుంది. చాలామంది స్విచ్ గెలుపుకి కారణం "బస్సులో ఆడుకోవచ్చు" అంటారు. ఆ ఆలోచన కొత్తదేం కాదు. 1995లో సెగా నోమాడ్ అని ఒకటి తెచ్చింది. టీవీ కన్సోల్ క్యాసెట్లే దాంట్లో పెట్టుకుని చేత్తో ఆడొచ్చు, వైరు పెట్టి టీవీకీ తగిలించొచ్చు. అసలు సిసలు హైబ్రిడ్. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే రెండు మూడు గంటలు కూడా కష్టమే. నిలవలేదు. తర్వాత 2012లో నింటెండోయే వీ యూ తెచ్చింది, చేతిలో తెర ఉన్న జాయ్‌స్టిక్‌తో. బొమ్మ పెట్టెలోంచి గాల్లో వచ్చేది, పెట్టెకి దూరం జరిగితే సిగ్నల్ పోయేది. అంటే టీవీ వదిలిపెట్టొచ్చు కానీ ఇల్లు వదిలిపెట్టకూడదు. అమ్మకాలు పైన చెప్పాను.

అసలు మార్పు మెషిన్‌లో కంటే ఆఫీసులో జరిగింది. చేతి మెషిన్లు చేసే హార్డ్‌వేర్ విభాగాన్నీ, టీవీ మెషిన్లు చేసే విభాగాన్నీ నింటెండో 2013లో కలిపేసింది. 2015లో గేములు చేసే రెండు పెద్ద విభాగాలనూ కలిపింది. అదే ఏడాది మార్చిలో నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా కొత్త కన్సోల్ పనిలో ఉన్నట్టు ప్రకటించారు, జులైలో ఆయన పోయారు, అది మార్కెట్లోకి రావడం ఆయన చూడలేదు. అప్పటిదాకా ఒకే కంపెనీ మనుషులు రెండు మెషిన్లకి వేర్వేరుగా గేములు చేస్తూ రెండు చోట్లా కొరత పెట్టుకునేవారు. కలిసిపోయాక జెల్డా, మారియో కార్ట్, యానిమల్ క్రాసింగ్, అప్పటిదాకా చేతి మెషిన్లకే పరిమితమైన పోకెమాన్ ప్రధాన సిరీసు కూడా, అన్నీ ఒక్కచోటికి వచ్చాయి. రెండు కిరాణా కొట్ల సరుకు ఒకే కొట్లో దొరికితే జనం ఎక్కడికెళ్తారు?

సోనీ చేతి మెషిన్లు పీఎస్‌పీ, వీటాలకి ఇది కుదరలేదు. మంచి మెషిన్లు, పీఎస్‌పీని నేను ఎన్ని అమ్మానో. కానీ సోనీ సొంత గేమ్ టీములు రెండు వైపులా పనిచేయాల్సి వచ్చేది, పెద్ద టీములు ఎప్పుడూ టీవీ వైపే ఉండేవి.

ఇక బొమ్మ దగ్గరికొద్దాం. దీన్ని టెరాఫ్లాప్స్‌తో (చిప్పు లెక్కలు చేసే వేగానికి కొలత) చెప్పడం కంటే కరెంటుతో చెప్పడం తేలిక. పీఎస్5 పెద్ద గేము ఆడుతున్నప్పుడు సుమారు 200 వాట్లు తాగుతుంది, అంటే మామూలు సీలింగ్ ఫ్యాన్లు రెండున్నర తిరిగినట్టు. స్విచ్ 2 చేతిలో ఉన్నప్పుడు సుమారు 10 వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బు. డాక్‌లో, అంటే టీవీకి తగిలించే స్టాండులో, పెడితే దానికి రెట్టింపు. ఇంతకంటే ఎక్కువ తాగడానికి వీల్లేదు, ఎందుకంటే లోపల 5220 ఎంఏహెచ్ బ్యాటరీ, అంటే దాదాపు 20 వాట్-అవర్లు. 10 వాట్లు వాడితే రెండు గంటలు. కంపెనీ కూడా 2 నుంచి 6.5 గంటలనే చెప్పింది. ఆ పైన వేడి. అర కిలో పైచిలుకు బరువున్న పలక మీ అరచేతుల్లో ఉంటుంది, నాలుగున్నర కిలోల పెట్టెలో పట్టినంత హీట్‌సింక్ అందులో పట్టదు. ఎంత గొప్ప చిప్పు వచ్చినా ఆ ఏడాది 200 వాట్లకి దొరికే బొమ్మ, అదే ఏడాది 10 వాట్లకి దొరకదు. ఇది నింటెండో తప్పు కాదు, సోనీ గొప్ప కాదు.

అంకెలు కావాలంటే: గ్రాఫిక్స్ బలం పీఎస్5కి 10.28 టెరాఫ్లాప్స్. స్విచ్ 2కి డాక్‌లో సుమారు 3, చేతిలో 1.7. మెమరీ వేగం పీఎస్5లో సెకనుకి 448 జీబీ, స్విచ్ 2లో డాక్‌లో 102, చేతిలో 68. చూడండి, టీవీకి పెట్టగానే స్విచ్ ఇంకో కన్సోల్ అయిపోదు. అదే చిప్పు కాస్త గట్టిగా పరిగెడుతుంది, అంతే. "డాక్‌లో ఎక్స్‌ట్రా గ్రాఫిక్స్ కార్డు ఉంటుందంట కదన్నా" అని ఇప్పటికీ అడుగుతారు. లేదు బాబూ. పాత స్విచ్ డాక్‌లో హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న బోర్డు ఉంటుంది, కొత్తదాంట్లో దానికి తోడు ఒక ఫ్యాను ఉంటుంది.

ఈ తేడా ఆడేటప్పుడు ఎలా కనిపిస్తుందో రెండు ఉదాహరణలు. ది విచర్ 3 అన్న పెద్ద గేము 2019లో స్విచ్‌కి వచ్చింది. 32 జీబీ క్యాసెట్‌లో కథంతా, అదనపు కథలతో సహా పట్టించారు. (కార్ట్రిడ్జ్ అనాలి, మా కౌంటర్‌లో ఇప్పటికీ క్యాసెట్టే.) చేతిలో పట్టుకుని చూస్తే అద్భుతం, నిజంగా. అదే మెషిన్ని 55 ఇంచీల టీవీకి పెడితే చెట్లు పేస్టు పూసినట్టు ఉంటాయి. ఒకే గేము, ఒకే నిమిషం, తెర సైజు మారేసరికి ముత్యం కాస్తా గులకరాయి అయిపోతుంది. రెండోది హాగ్వార్ట్స్ లెగసీ. పీఎస్5కి 2023 ఫిబ్రవరిలో వచ్చింది, స్విచ్‌కి నవంబరులో. పీఎస్5లో కోటలోంచి ఊళ్ళోకి ఆగకుండా నడిచి వెళ్లిపోతారు. పాత స్విచ్‌లో ఊరి గేటు దగ్గర ఆగి లోడింగ్ తెర చూడాలి. గేము ఆడొచ్చు. ఆడుతూ "ఇక్కడ సర్దుకున్నారు" అని గుర్తుపట్టొచ్చు కూడా.

సర్దుకోవడమే కాదు, మొండిచెయ్యి చూపించిన సందర్భాలూ ఉన్నాయి. ఫిఫా 20 నుంచి 23 దాకా స్విచ్‌లో వచ్చినవి "లెగసీ ఎడిషన్లు". జెర్సీలు, జట్లు కొత్తవి, ఆట పాతదే. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళకి అప్పట్లో నేనే అమ్మనన్నాను. ఎఫ్‌సీ 24 (ఫిఫా గేముకి కొత్త పేరు) నుంచి కొంత మారింది.

స్విచ్ 2తో ఈ దూరం తగ్గింది, కానీ కారణం మీరనుకునేది కాకపోవచ్చు. ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ ఉంది, తక్కువ పిక్సెళ్లు గీసి పెద్దగా చేసి చూపించే విద్య. అది నిజమే, బాగా పనిచేస్తుంది. నా లెక్కలో దాని కంటే పెద్ద కారణం ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అన్న మైక్రోసాఫ్ట్ టీవీ కన్సోల్. అది 4 టెరాఫ్లాప్స్ పెట్టె. మైక్రోసాఫ్ట్ నియమం వల్ల ఎక్స్‌బాక్స్‌కి గేము చేసేవాడు దాని మీద కూడా నడిచేలా చేయాలి. అంటే పెద్ద గేముల్లో చాలావాటికి ఒక తక్కువ స్థాయి వెర్షన్ ముందే తయారై ఉంటుంది. అక్కడి నుంచి స్విచ్ 2కి దిగడం ఒక మెట్టు. పాత స్విచ్‌కైతే పీఎస్4 స్థాయి నుంచి నాలుగు మెట్లు ఉండేది. సైబర్‌పంక్ 2077 లాంటిది స్విచ్ 2తో పాటే మొదటి రోజున 64 జీబీ క్యాసెట్ మీద వచ్చిందంటే అందుకే. ఈ మాట కలకాలం నిలుస్తుందని అనుకోవద్దు. తర్వాతి తరం టీవీ కన్సోళ్లు వచ్చాక మళ్ళీ మెట్లు పెరుగుతాయి.

ఇక్కడిదాకా మీరు ఏ యూట్యూబ్‌లోనైనా వినేదే. సర్వీసు బల్ల మీద చూసింది చెప్తాను.

నా దగ్గరికి స్విచ్ వస్తే ముందు మూడు చోట్లు చూస్తాను. కింద ఛార్జింగ్ పోర్టు, పక్కన జాయ్‌స్టిక్కులు జరిపే పట్టాలు, వెనక మూల. డాక్‌లో పెట్టి తీసే మెషిన్‌కి తెర అంచుల్లో సన్నటి గీతలు పడతాయి. చేతిలో ఆడే మెషిన్‌కి వెనక రెండు మూలలా ప్లాస్టిక్ నునుపు తేలి మెరుస్తుంది, వేళ్ళు ఆనే చోట. రెండూ సమానంగా ఉన్న మెషిన్లు నేను చాలా తక్కువ చూశాను. ఎక్కువ భాగం ఒకవైపే అరిగి ఉంటాయి. "హైబ్రిడ్" అని కొంటారు, రెండు నెలల్లో ఏదో ఒక వైపు స్థిరపడిపోతారు.

రైల్వేలో పనిచేసే ఒకాయన 2021లో కొన్నారు. ఆర్నెల్ల తర్వాత బటన్ ఏదో ఇరుక్కుందని తెచ్చారు. డాక్ కూడా తెస్తారా, చూస్తానంటే నవ్వి, "దానికి ప్లాస్టిక్ కవరే తీయలేదన్నా" అన్నారు. ఇంట్లో వాళ్ళమ్మగారు ఆరున్నర నుంచి పది దాకా సీరియళ్లు. ఈయన అదే సోఫాలో పక్కనే కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జెల్డా ఆడతారు. "అమ్మ దగ్గర కూర్చున్నట్టూ ఉంటుంది, నా ఆటా నాకుంటుంది." పీఎస్5 కొనుంటే ఆయన రాత్రి పదకొండుకి మొదలుపెట్టి ఒంటిగంటకి నిద్ర లేక తిట్టించుకునేవారు. ఆ ఇంట్లో పీఎస్5కి స్విచ్ పోటీయే కాదు, పీఎస్5 అసలు బరిలో లేదు.

దీనికి ఎదురు కేసు. అల్వాల్ నుంచి ఒక కుర్రాడు స్విచ్ తెచ్చాడు, తెర మీద కంపెనీ వేసిన పల్చటి పొర ఇంకా అలాగే ఉంది. ఎప్పుడూ డాక్‌లోంచి తీయలేదట. సొంత గది, సొంత టీవీ 43 ఇంచీలు. "బొమ్మ మసకగా ఉంటోందన్నా, రిపేరా?" అని అడిగాడు. రిపేరేం కాదు, ఎంపికలో తేడా. నాతో ఎక్స్చేంజి చేసుకుని పీఎస్5 పట్టుకెళ్ళాడు, సంతోషంగా.

జపాన్‌లో స్విచ్ 3 కోట్లు దాటి అమ్ముడైందంటే అక్కడా ఇలాంటి ఇళ్ళే కారణమని నా అనుమానం. చిన్న ఇళ్ళు, రైలు ప్రయాణాలు, టీవీ ముందు వెలగబెట్టే తీరిక తక్కువ. అక్కడ పీఎస్5 ఎంత ఇబ్బందిపడుతోందంటే, సోనీ 2025 నవంబరులో జపనీస్ భాషకే పరిమితమైన డిజిటల్ మోడల్‌ని 55,000 యెన్లకే దించింది. పోటీ లేకపోతే రేటు ఎందుకు దించుతాడు?

మరి టీవీ కన్సోల్ ఎక్కడ గెలుస్తుంది? నా పార్లర్ అనుభవమే చెప్తాను. 2018లో ఉత్సాహపడి పార్లర్‌లో ఒక మూల స్విచ్ పెట్టాను. కొత్తది కదా, ఎగబడతారనుకున్నా. వారం రోజులు చూసి వెళ్ళారు, తర్వాత మళ్ళీ ఫిఫా టేబుల్ దగ్గరే క్యూ. నలుగురు కూర్చుని అరుచుకోవడానికి పెద్ద తెర, చేతి నిండా ఉండే జాయ్‌స్టిక్, అందరికీ తెలిసిన గేము కావాలి. స్విచ్ చిన్న జాయ్‌స్టిక్కులు పెద్ద చేతులకి నప్పలేదు. ఒక రోజు లెక్క చూస్తే ఒకటి తక్కువ. మర్నాడు ఒక తల్లి వచ్చి, "మావాడి నిక్కరు జేబులో ఉంది బాబూ, ఉతకబోతే కనిపించింది" అని ఇచ్చింది. పిల్లాడు మర్చిపోయి జేబులో వేసుకెళ్ళాడు, అంత చిన్నవి అవి. నెల తిరక్కుండా స్విచ్ని ఇంటికి పట్టుకుపోయాను. పార్లర్ వ్యాపారంలో హైబ్రిడ్ గుణం దండగ. ఊరంతా తిరగగలిగే మెషిన్ని గొలుసేసి కట్టడం దేనికి?

ఇంట్లోనైనా అంతే. 55 ఇంచీల పైన 4కే టీవీ ఉండి అది సాయంత్రాలు మీ చేతిలో ఉంటే, కథ ఉన్న పెద్ద గేములు ఇష్టమైతే, మీ జట్టంతా పీఎస్‌లో ఆన్‌లైన్ ఆడుతుంటే, ఇంకో మాట లేదు. జీటీఏ 6 అన్న గేముని పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే ప్రకటించారు. దాని కోసమే ఎదురుచూస్తున్నవాడికి స్విచ్ అమ్మితే వాడు నా షాపు ముందు ధర్నా చేస్తాడు.

పైగా మన దగ్గర ఖర్చు తేడా. పీఎస్5 ఇక్కడ అధికారికంగా అమ్ముతారు, 2021 ఫిబ్రవరి నుంచి. డిస్క్ ఉన్న స్లిమ్ మోడల్ 2024లో 54,990 రూపాయలకి వచ్చింది. బిల్లు, వారంటీ, రూపాయల్లో ఆన్‌లైన్ స్టోరు. పెద్ద గేము కొత్తలో 5,000 దగ్గర ఉన్నా ఏడాదికి సగానికి పడిపోతుంది, పాత డిస్కులు చేతులు మారుతూనే ఉంటాయి. నింటెండో సొంత గేములు రేటు దిగవు. 2017 నాటి మారియో కార్ట్ కూడా కొత్త రేటే. అమ్ముకునేటప్పుడు అది లాభం, కొనేటప్పుడు నొప్పి.

స్విచ్ 2 వైపు మొగ్గితే ఈ నాలుగు సంగతులు తెలుసుకుని కొనండి. మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు. దొరికేదంతా బయటి నుంచి తెచ్చిందే, కాబట్టి వారంటీ అంటే అమ్మినవాడి నోటిమాట.

ఇందులో అన్నింటికంటే ప్రమాదం జపాన్ మోడల్. జపాన్‌లో స్విచ్ 2 రెండు రకాలు. 2025లో వచ్చినప్పుడు అన్ని భాషలది 69,980 యెన్లు, జపనీస్ ఒక్కటే ఉన్నది 49,980 యెన్లు. రెండోదాంట్లో మెనూలు జపనీస్‌లోనే ఉంటాయి, జపాన్ ప్రాంతపు అకౌంటే పనిచేస్తుంది. ఆన్‌లైన్ గ్రూపులో ఎవరో "సీల్డ్ పీస్, 20 శాతం తక్కువ" అని పెడితే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ మధ్య ఒక దంపతులు పిల్లాడి పుట్టినరోజుకి ఇలాగే తీసుకుని, ఆన్ చేస్తే అంతా జపనీసు అని నా దగ్గరికి తెచ్చారు. సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ వెతకమన్నారు. లేనిది ఎక్కడ వెతకను? పెట్టె మీద రాత ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటే, డబ్బు ఇచ్చేముందు ఆన్ చేసి భాష మార్చి చూపించమనండి.

ఛార్జర్. "టీవీలో బొమ్మ రావట్లేదు" అని వచ్చే స్విచ్‌లలో సగం జబ్బు ఇదే. పిన్ను మనకి సరిపోలేదని అసలు అడాప్టర్ పక్కన పడేసి ఫోన్ ఛార్జర్ డాక్‌కి పెడతారు. పాత స్విచ్ డాక్‌కి 15 వోల్టులు కావాలి, స్విచ్ 2తో వచ్చే అడాప్టర్ 60 వాట్లది. మామూలు ఫోన్ ఛార్జర్ మెషిన్ని నెమ్మదిగా ఛార్జ్ చేస్తుంది కానీ డాక్ టీవీకి బొమ్మ పంపదు. కంపెనీ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. యాభై రూపాయల పిన్ కన్వర్టర్ చాలు, ట్రాన్స్‌ఫార్మర్లు అక్కర్లేదు.

మెమరీ కార్డు. స్విచ్ 2లో గేములకి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే పనిచేస్తుంది. పాత స్విచ్‌లోంచి తీసిన కార్డు పెడితే ఫొటోలు తెచ్చుకోవడానికి తప్ప పనికిరాదు. ఎక్స్‌ప్రెస్ కార్డు ఖరీదు కూడా బడ్జెట్‌లో కలుపుకోండి. లోపల 256 జీబీ ఉంది, మొదటి ఏడాది దాంతో గడిచిపోతుంది. కొన్ని క్యాసెట్లలో గేము ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే ఉంటుంది, పెట్టె కింద భాగంలో రాసి ఉంటుంది, చదివి కొనండి.

పాత స్విచ్ చవగ్గా చూస్తుంటే, "లైట్" అన్న పేరున్నది టీవీకి పెట్టలేరు. అది హైబ్రిడ్ కాదు, చేతి మెషిన్ మాత్రమే. పేరులో స్విచ్ ఉంది కదా అని తీసుకుని డాక్ కొనడానికి వచ్చినవాళ్ళు ఎందరో.

మిగతా కంపెనీల సంగతి అడగలేదు కానీ ఒక్క ముక్క. సోనీ 2023లో ప్లేస్టేషన్ పోర్టల్ తెచ్చింది, ఇంట్లో పీఎస్5 ఉంటే దాని బొమ్మని ఇంటర్నెట్ మీద చేతిలోకి తెచ్చే తెర. వాల్వ్ 2022లో స్టీమ్ డెక్ తెచ్చింది. 2025 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ పేరుతో ఆసుస్ చేతి మెషిన్లు వచ్చాయి. వీటిలో డెక్, ఆసుస్‌వి చేతిలో పట్టే పీసీలు, బాగుంటాయి, కానీ సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక ఉండాలి. ఇంట్లో అమ్మ కూడా ఆన్ చేసి ఆడేలా ఉండేది ఇప్పటికీ స్విచ్చే. పోర్టల్ అయితే మీ రాత్రి తొమ్మిది సమస్యకి ఒక దారి, నిజానికి. పీఎస్5 టీవీ వెనక ఉంటుంది, నాన్నగారు న్యూస్ చూస్తుంటే మీరు గదిలో ఆడుకోవచ్చు. రెండూ కలిపితే మీ 55 వేలు దాటిపోతుంది, వైఫై గట్టిగా ఉండాలి, కరెంటు పోతే రెండూ పోతాయి.

మీ విషయానికొస్తే, నేనైతే ఆ పీఎస్4ని ఇప్పుడు అమ్మను. ఎక్స్చేంజిలో దానికి వచ్చేది చాలా తక్కువ, ఎక్స్చేంజి చేసేవాణ్ణి నేనే ఇలా చెప్పకూడదు కానీ అదే నిజం. ఎఫ్‌సీ 26 కూడా పీఎస్4కి వచ్చింది, సంక్రాంతికి బావమరుదులు వచ్చినప్పుడు నలుగురు ఆడటానికి అది సరిపోతుంది. తొమ్మిది తర్వాతే ఆడతానంటున్నారు కాబట్టి స్విచ్ 2 తీసుకోండి, అన్ని భాషలదే చూసి. ఒక్క షరతు: మీరు ఎదురుచూస్తున్నది జీటీఏ 6 అయితే, ఇప్పుడు ఏదీ కొనొద్దు. 55 వేలు పక్కన పెట్టి, అది వచ్చిన వారం పీఎస్5 కొనండి. నాన్నగారికి గదిలోకి ఒక 32 ఇంచీల టీవీ కొనిపెట్టండి, ఈఎంఐలో వస్తుంది. ఇంకేదైనా ఉంటే కింద అడగండి, దుకాణం కట్టేశాక రాత్రి జవాబిస్తా.